ఎండిన చెరువుకు తగిన చేప

కొత్త జాతి చేప దొరికిందని లోకానికి చెప్పాలంటే చేయవలసిన పనులు ఇవి. రాయిని మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. భూతద్దం కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, చేపను అంటుకున్న సున్నపురాతిని సూదితో రవ్వరవ్వగా తీయాలి. పొలుసుల వరుసలు లెక్కపెట్టాలి. పళ్ళ ఆకారం చూడాలి. వెన్నురెక్క తలకెంత దూరంలో మొదలైందో కొలవాలి. ఇప్పటిదాకా ప్రపంచంలో దొరికిన దాని చుట్టాలన్నిటితో పోల్చి, ఇది వాటిలో ఏదీ కాదని తేల్చుకోవాలి. పేరు పెట్టాలి. రాయిని ఒక మ్యూజియంకు అప్పగించి నంబరు వేయించాలి. నంబరు లేని రాయికి పెట్టిన పేరును ఏ పత్రికా అచ్చు వేయదు. చివరగా, రాష్ట్ర మత్స్య సంపద విస్తరణ సంస్థ నుంచి 'ఈ చేప విషయమై మాకు అభ్యంతరం లేదు' అన్న పత్రం తేవాలి.

చివరి రెండూ తప్ప మిగతావన్నీ, పేరు పెట్టడంతో సహా, నేను ఒక వానాకాలంలో చేసేశాను.

ఆ పత్రం లేకుండా రాయిని పుచ్చుకోం అన్నారు మ్యూజియంవాళ్ళు. ఎందుకని అడిగితే ఒక ఉత్తర్వు చూపించారు. రాష్ట్రంలో లభించే ప్రతి చేపా, పచ్చిదైనా ఎండుదైనా, ఏ స్థితిలో ఉన్నదైనా, సంస్థ అనుమతి లేకుండా చేతులు మారరాదు. ఎండుచేపల వ్యాపారులను దృష్టిలో పెట్టుకుని రాసిన ఉత్తర్వు అని తెలుస్తూనే ఉంది. కానీ 'ఏ స్థితిలో ఉన్నదైనా' అన్నారు కదా, రాయిగా మారడమూ ఒక స్థితే కదా అన్నారు వాళ్ళు. నాకూ నిజమే అనిపించింది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. సర్కారు కాగితం మీద ఉన్నది తప్పయి ఉండొచ్చు అనుకోవడం మా ఇంట్లో ఇంకా అలవాటు కాలేదు.

ముందు ఆ చేప ఎలా దొరికిందో చెప్పాలి.

ప్రాణహిత ఒడ్డున సున్నపురాతి పొరల పటం గీసే పని మీద నేను ఒక ఊళ్ళో అద్దెకున్నాను. ఇంటామె అరవై ఏళ్ళ మనిషి. పెరట్లో బావి దగ్గర ఒక పలక బండ మీద బట్టలు ఉతికేది. ఏళ్ళ తరబడి ఉతికీ ఉతికీ బండ అద్దంలా నున్నబడి కాలు జారుతోందని, ఒకనాడు నన్ను పిలిచి తిరగెయ్యమంది. ఇద్దరం గడ్డపార పెట్టి లేపి తిప్పాం. కింది వైపున చేప ఉంది. జామాకంత చేప. పక్క పక్కనే పేర్చిన గచ్చుబిళ్ళల్లా నలుపలకల పొలుసులు, నిన్ననే నీళ్ళలోంచి తీసినట్టు మెరుస్తున్నాయి. నేను తడి నేల మీదే మోకాళ్ళూని, జేబులోంచి భూతద్దం తీశాను. డైనోసార్లు తిరిగిన కాలంలో, ఇప్పుడు లేని ఒక మంచినీటి మడుగులో ఈదిన చేప అది. అటువంటిది అంతకు ముందు ఎవరూ చూడలేదని నాకు అప్పుడే అనుమానం కలిగింది.

ఇదంతా ఆమెకు చెప్పి, బండ ఇమ్మని అడిగాను. ఆమె దానికి పేరు పెడతారా అని అడిగింది. పెడతారన్నాను. ఎవరి పేరు అంది. కనుక్కున్నవారి పేరు పెట్టడం కూడా ఉందన్నాను.

"అయితే నా పేరు వెట్టు. లేకుంటే బండ ఈన్నే ఉంటది, నేను బట్టలు ఉతుక్కుంట."

ఆమె పేరేమిటో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో వాళ్ళు కొడుకు పేరు మీద సారయ్య అవ్వ అనేవారు. అంతకు ముందు కిష్టయ్య పెండ్లాం అనేవారట. పొదుపు సంఘం పుస్తకంలోనూ అలాగే రాసుకున్నారట.

"బానక్క," అంది ఆమె. "మా అవ్వ వెట్టింది. ఆ పేరు వెట్టి పిలిసెటోళ్ళందరు సచ్చిపోయిండ్రు బిడ్డా. ఇగ చేపకన్న ఉండనీ."

నేను మాట ఇచ్చాను. చేపల పేర్లకు చివర లాటిన్ భాష తోక ఒకటి తగిలించాలి కాబట్టి 'ప్రాణహితిక్తిస్ బానక్కే' అని రాసుకున్నాను. మా పరిశోధన గైడ్ మేడమ్ చదివి, బాగుంది, త్వరగా అచ్చు వేయించు, పక్క దేశంలో ఒకాయన ఇటువంటి చేప మీదే పని చేస్తున్నాడు, ఆయన ముందు వేస్తే ఆయన పెట్టిన పేరే నిలుస్తుంది అన్నారు. కాబట్టి నేను చేప ఉన్న భాగం చెక్కుచెదరకుండా బండను ఆటోలో వేసుకుని సంస్థ కార్యాలయానికి వెళ్ళాను.

అక్కడి సూపరింటెండెంటు దరఖాస్తు చదివి, ఈ చేపను ఎప్పుడు పట్టారు అని అడిగాడు. దొరికింది ఆషాఢంలో అన్నాను. ఆషాఢంలో చేపలు గుడ్లు పెడతాయని, అప్పుడు వేట నిషేధమని, నా మీద కేసు ఎందుకు పెట్టకూడదో చెప్పమని ఆయన అన్నాడు. చేప చచ్చిపోయి పదహారు కోట్ల ఏళ్ళయిందని విన్నవించాను. ఆ సంవత్సరంలో నిషేధం అమల్లో లేదని ధ్రువపత్రం తెమ్మన్నాడు. ఆ పత్రం ఎవరిస్తారని అడిగితే తామే ఇస్తామన్నాడు. దానికి దరఖాస్తు పెట్టుకున్నాను. పాత దస్త్రాలు వెతికి, అంత వెనకటి నిషేధ ఉత్తర్వు ఏదీ కనబడలేదని చాలా నిజాయితీగా రాసిచ్చారు.

తరువాత తాజాదనం పరీక్ష. దానికి జలంధర్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పదేళ్ళుగా చేపల బజార్లు తనిఖీ చేసిన అనుభవం ఉన్న మనిషి. మొప్ప ఎత్తి చూడబోయాడు, రాలేదు. ఒంటి మీద వేలితో నొక్కాడు. నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే పాత చేప, పడకపోతే తాజా చేప అని వాళ్ళ నియమం. గుంట పడలేదు. వాసన చూశాడు. వాసన లేదు. 'అత్యంత తాజా' అని రాసి సంతకం పెట్టాడు.

అత్యంత తాజా చేపను ఐసులో పెట్టాలన్నది మరొక నియమం. నేను థర్మాకోల్ డబ్బా కొని, ఐసు ఫ్యాక్టరీ నుంచి రోజూ ఐసు తెచ్చి బండ మీద పరిచాను. ఐసుముక్కలమ్మే ఆయన నా డబ్బాలోకి తొంగి చూసి, "ఇది ఉడకడానికి ఎంత సేపు పడ్తది తమ్మీ?" అని అడిగాడు. నేను ప్రశ్నను శ్రద్ధగా విని, తెలియదని చెప్పాను.

అలా ఫైలు పైకి పైకి పోయి సంయుక్త సంచాలకులు పరాంకుశం గారి బల్ల మీదికి చేరింది. ఆయన నన్ను పిలిపించారు. చేప కంటే ముందు నా కళ్ళలోకి చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"ఈ మత్స్యము ఎంత కాలముగా నీటి సదుపాయము లేకుండా ఉన్నట్లు?"

"పదహారు కోట్ల ఏళ్ళు ఉంటుందండి."

"మేత?"

"మేత ఏమీ లేదండి. అది..."

"అయినను చెక్కుచెదరలేదు. మా ఇన్‌స్పెక్టరు అత్యంత తాజా అని ధ్రువీకరించి యున్నారు. ఓదెలు గారూ, మన రాష్ట్రమున వేసవిలో ఎన్ని చెరువులు ఎండిపోవుచున్నవో మీకు తెలియునా?"

నేను తెలియదన్నాను. ఆయన కిటికీ దాకా నడిచి, బయటి ఎండను ప్రేమగా చూశారు. ఆ చూపులో ఒక పథకం పుడుతోందని నాకు అప్పుడు అర్థం కాలేదు.

దాని పేరు నిర్జల మీన పథకం. ఎండిన ప్రతి చెరువులోనూ, నీరు అక్కరలేని ఈ దేశవాళీ చేప పిల్లలను వదిలిపెట్టడం దాని ఉద్దేశ్యం. అంతకు ముందు ఏటా చేపపిల్లలను వదిలితే చెరువులు ఎండి అవి చచ్చిపోయేవి, పత్రికలు రాసేవి. ఈ చేపకు ఆ బాధ లేదు. నా అనుమతి పత్రం గురించి అడిగితే, పథకంలో భాగంగా పరిశీలనలో ఉన్నదన్నారు. నా బండను మాత్రం 'తల్లి చేప' అని పుస్తకంలో ఎక్కించి ఉంచేసుకున్నారు. గుడ్లు పెట్టడానికి ఎంచుకున్న చేపను వాళ్ళ భాషలో తల్లి చేప అంటారు.

తల్లి చేప చేత గుడ్లు పెట్టించాలంటే దానికొక ఇంజక్షన్ ఇస్తారు. జలంధర్ ఇచ్చాడు. సూది వంగిపోయింది. ఇంకొకటి తెచ్చాడు, అదీ వంగింది. పుస్తకంలో 'చేప మిక్కిలి దృఢముగా ఉన్నది' అని రాశాడు. గుడ్లు రాకపోయేసరికి, లక్ష్యం నెరవేర్చడానికి వాటిని బయటినుంచి సేకరించాలని నిర్ణయించి టెండరు పిలిచారు. గుడ్లు ఎలా ఉండాలో నన్నే రాసిమ్మన్నారు. ఇటువంటి చేప గుడ్డు ఎవరూ చూడలేదని, ఒకవేళ రాయిగా మారి ఉంటే గుండ్రంగా, గట్టిగా, బూడిద రంగులో ఉండవచ్చునని నిజం రాసిచ్చాను. రోడ్ల పనులు చేసే గుత్తేదారు ఒకాయనకు అటువంటి సరుకు తన దగ్గర కొండంత ఉందని వెంటనే అర్థమైంది.

మొదటి విడత గుడ్లు టిప్పర్లలో వచ్చాయి. ప్రారంభోత్సవం ఒక ఎండిన చెరువులో జరిగింది. షామియానా చెరువు నడుమనే వేశారు. ముఖ్య అతిథి దోసిలితో కంకర తీసుకుని వదిలారు. దుమ్ము లేచింది. అందరూ చప్పట్లు కొట్టి, దగ్గారు. ఆ ఊరి మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు గట్టయ్యను లబ్ధిదారుడిగా మాట్లాడమన్నారు. ఆయన మైకు పట్టుకుని, కంకర రాయి ఒకటి పైకెత్తి చూపించాడు.

"సారూ, అంతా మంచిగనే ఉన్నది. గీ చేపను పట్టుడు ఎట్లనో చెప్పుండ్రి. వల ఎయ్యాల్నా, తట్ట తేవాల్నా?"

పట్టుబడి విధానంపై మార్గదర్శకాలు త్వరలో విడుదల అవుతాయని పరాంకుశం గారు సెలవిచ్చారు.

పథకం విజయవంతమైంది. ఇది వెటకారం కాదు, లెక్కలు అలాగే ఉన్నాయి. చేపపిల్లలుగా లెక్కకెక్కిన ఆ కంకరలో మరణాల రేటు సున్నా. సంస్థ చరిత్రలో అటువంటిది లేదు. రోగాలు లేవు. కొంగలు ముట్టలేదు. బరువు పెరగలేదు గానీ తగ్గనూ లేదు, 'స్థిరముగా ఉన్నది' అని రాశారు. ఒక ఊళ్ళో ఎవరో ఇంటి పునాదికి ట్రాక్టరెడు చేపపిల్లలను ఎత్తుకుపోతే, అనుమతి లేని వేట కింద కేసు పెట్టి, వలలు స్వాధీనం చేసుకోబోయి, పారలు స్వాధీనం చేసుకున్నారు. ఇంకో ఊళ్ళో వాన పడి చెరువు నిండింది. నిర్జల మీనాలకు నీటివల్ల హాని కలగవచ్చునని, తూము తెరిచి నీళ్ళు వదిలేయాలని కార్యాలయం నుంచి ఉత్తర్వు పోయింది. ఆ ఊరి ఆడవాళ్ళు బిందెలతో తూము మీద కూర్చోవడం వల్ల ఆ ఉత్తర్వు అమలు వాయిదా పడింది. పక్క రాష్ట్రంవాళ్ళు చూసి నేర్చుకోవడానికి బస్సులో వచ్చారు. టోపీలు పెట్టుకుని కంకరలో నడిచి, చేపల నెమ్మదిని మెచ్చుకున్నారు.

ఇన్నాళ్ళూ నేను వారం వారం వెళ్ళి కూర్చునేవాణ్ణి. చివరికి నా దరఖాస్తుకు జవాబు వచ్చింది. 'ప్రస్తుతము రాష్ట్రములోని అనేక చెరువులందు సజీవముగా వృద్ధి చెందుచున్న మత్స్య జాతిని అంతరించిన జాతిగా ప్రకటించుటకు అనుమతి కోరుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరము. అనుమతి నిరాకరించడమైనది. సదరు మత్స్యమును కనుగొన్నవారు శ్రీ పరాంకుశం గారు. దాని నామము నిర్జల మీనము.'

నేను బల్ల దగ్గరే నిలబడి రెండుసార్లు చదివాను. బతికి ఉన్న చేపను చచ్చిందని ఎలా అంటాను? వాళ్ళ దగ్గర అంకెలున్నాయి. మా మేడమ్‌కు ఫోను చేస్తే, పక్క దేశం ఆయన వ్యాసం పత్రికకు పంపేశాడని విన్నానన్నారు. ఇంకా నెలో రెండు నెలలో. అంతలో రాయి చేతికి వచ్చి నంబరు పడకపోతే బానక్క పేరు లేనట్టే.

ఊరికి పోయాను. ఆమె వాకిట్లో కంది పప్పు చెరుగుతోంది. నన్ను చూడగానే పక్కింటామెను పిలిచి, "నా పేరు వెట్టిన పిలగాడు అచ్చిండు" అని చెప్పింది. నేను వెళ్ళిన నాటినుంచి ఆమె ఊరంతా చెప్పుకుందట. కిరాణా కొట్టతను కూడా ఇప్పుడు బానక్కా అంటున్నాడట. నేను తల వంచుకుని, జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆమె చేట కింద పెట్టింది.

"బండ ఎవ్వలదిరా?"

"మీదే పెద్దమ్మా."

"నీకు ఇచ్చిన్నా, ఆ పరాంకుశానికి ఇచ్చిన్నా?"

"నాకు."

"మరి నడువు," అంది. లోపలికి పోయి, మాసిన బట్టలు మూట గట్టుకుని, సబ్బు బిళ్ళ కొంగున ముడేసుకుంది. బట్టలెందుకని అడిగాను. పొద్దున ఉతకలేదు కాబట్టి అని చెప్పింది.

మేం వెళ్ళేసరికి కార్యాలయంలో సంస్థ వార్షికోత్సవం జరుగుతోంది. ముందు ఆవరణలో కొత్తగా కట్టిన నీటి తొట్టి ఉంది. నిర్జల మీనానికి నీళ్ళెందుకని ఎవరో అడిగితే, అది విశ్రాంతి నిమిత్తమని పరాంకుశం గారు చెప్పారట. తొట్టి నడుమ, మోకాలి లోతు నీళ్ళలో, నా బండ. చుట్టూ బంతిపూలు. జలంధర్ మేత డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేదిక మీద పరాంకుశం గారికి శాలువా కప్పుతున్నారు.

బానక్క చీర కుచ్చెళ్ళు ఎగదోపి తొట్టిలోకి దిగింది. "పట్టు," అంది. నేను దిగి పట్టాను. పెద్దలు చెప్పిన పని చేయడం నాకు అలవాటు. ఇద్దరం కలిసి బండను తిరగేశాం, చేప వైపు కిందికి పోయింది, ఏళ్ళ తరబడి ఉతికిన నున్నటి వైపు పైకి వచ్చింది. ఆమె మూట విప్పి, కిష్టయ్య ధోవతి తడిపి, సబ్బు పెట్టి, బండకేసి బాదడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మైకులోంచి ఆవరణంతా వినబడింది. ఆహూతులు అటు తిరిగారు. నురగ బంతిపూల మధ్య తేలింది.

పరాంకుశం గారు శాలువాతోనే దిగి వచ్చారు. ఆయన బండను ఎప్పుడూ చేప వైపు నుంచే చూసిన మనిషి. తొట్టిలోకి చూస్తే ఆయనకు చేప కనబడలేదు. ఒక ఉతుకుడు బండ, ఒక ముసలామె, ఒక ధోవతి కనబడ్డాయి.

"ఏమిది? ఎవరీమె? ఇచట బట్టలు ఉతుకుట నిషిద్ధమని తెలియదా?"

"నా బండ మీద నేను ఉతుక్కుంటున్న," అంది బానక్క, బాదడం ఆపకుండా. "మీ తొట్టి నాకెందుకు సారూ. బండ బయటేపిస్తే ఆడ్నే ఉతుక్కుంట."

"తల్లి చేప ఏది?" అని ఆయన జలంధర్‌ను అడిగారు.

జలంధర్ ఆ మాటకు జవాబు వెతుక్కోవడం నేను చూశాను. చేప బండలో ఉందంటే, చేప రాయి అయిపోతుంది. చేప లేదంటే, చేప పోయినందుకు తన ఉద్యోగం పోతుంది.

"లోపల్కి వొయ్యింది సార్," అన్నాడు జలంధర్. "జనాన్ని చూసి బెదిరింది. అడుగున ఉన్నది."

పరాంకుశం గారి ముఖం తేటపడింది. బతికి ఉన్న చేప బెదరడం సహజమే. కనుక బెదిరించిన వస్తువును తొలగించాలి. ఆయన అక్కడికక్కడే, శాలువా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, కాగితం మీద ఉత్తర్వు రాశారు. తల్లి చేప ప్రశాంతతకు భంగము కలిగించుచున్న ఉతుకుడు బండను తక్షణమే కార్యాలయ ప్రాంగణము వెలుపలికి తరలించవలెను. దాని కింద సంతకం, ముద్ర. గేటు దగ్గరి కాపలాదారు ఆటో ఎక్కించడానికి సాయం కూడా పట్టాడు. జలంధర్ ఖాళీ నీళ్ళలో మేత చల్లుతూ మా వైపు చూడనేలేదు. ఇప్పటికీ ఆ తొట్టిలో ఉదయం, సాయంత్రం మేత వేస్తున్నారని విన్నాను.

బండను నేరుగా మ్యూజియంకు తీసుకుపోయాం. శిలాజాల గదికి అనుమతి పత్రం కావాలి, అది మా దగ్గర లేదు. కానీ అక్కడి అధికారిణి మా ఉత్తర్వు చదివి, ఇది ప్రభుత్వమే ధ్రువీకరించిన ఉతుకుడు బండ కదా, గృహోపకరణాల గదిలో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదే అంది. ఆ సాయంత్రమే నంబరు వేసింది. పత్రికవాళ్ళకు కావలసింది నంబరే. బండ ఏ గదిలో ఉందో వాళ్ళు అడగలేదు. పక్క దేశం ఆయన వ్యాసం కంటే పదకొండు రోజుల ముందు మాది అచ్చయింది.

ఆ పత్రిక పట్టుకుని ఊరికి పోయాను. బానక్క ఏ అక్షరాలు తనవో చూపించమంది. చూపించాను. వేలు పెట్టి వాటి మీద నడిపింది. చదవమంది. ప్రాణహితిక్తిస్ బానక్కే అని చదివాను.

"అవ్, బానక్కే," అంది. "ఇంకెవ్వరు?" పక్కింటామెను కేకేసి, నా చేత మళ్ళీ చదివించింది. తరువాత కిరాణా కొట్టు దగ్గర. తరువాత బస్సు ఆగే చోట, ఎక్కబోతున్న వాళ్ళను ఆపి.

ఒక్కటి మాత్రం సరి చేయలేకపోయాను. మ్యూజియంలో గృహోపకరణాలను వాడుకునే వైపు పైకి పెట్టి ప్రదర్శించాలన్నది నియమం. కాబట్టి చేప కిందికి ఉంది. పక్కన బోర్డు మీద 'ఉతుకుడు బండ. దాత: ఒక గ్రామీణ మహిళ' అని ఉంది. పేరు రాయమని దరఖాస్తు పెట్టాను. ఆ గదిలో దాతల పేర్లు రాసే పద్ధతి లేదని జవాబు వచ్చింది.

మీరు ఎప్పుడైనా అటు వెళ్తే, తిరగలికీ రోకలికీ మధ్య ఆ బండ కనబడుతుంది. వంగి కిందికి చూడనివ్వరు, చూడకపోయినా ఫరవాలేదు. అక్కడ కాస్త ఆగి, ఆ గ్రామీణ మహిళ పేరు బానక్క అని గుర్తు చేసుకోండి. పక్కన ఎవరైనా నిలబడి ఉంటే, వాళ్ళకు వినబడేటట్టు ఒకసారి పైకి అనండి.